ఈపుసీత

"పెంటమ్మనా? నా బిడ్డకా? రేపు బడిల పిల్లలు దాన్ని బతుకనిస్తరా అత్తమ్మా?"

సాహితి ఒళ్లో పాప ఉలిక్కిపడింది. లీలావతి మాత్రం చలించలేదు. పేర్ల సంగతిలో ఆమెతో వాదించడమంటే గోడకు తల కొట్టుకోవడమే.

"బతుకాలెననే పెడ్తున్ననే! ముద్దుముద్దు పేర్లు పెట్టినం. ఏమైంది? రెండూ మట్టిల కలిసినయి. పారేసినదాన్ని యముడు సుత ముట్టడు."

పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో ఇది పాత ఆనవాయితీ. పాపను చాటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెడతారు. మరో ఆడమనిషి వచ్చి ఎత్తుకుని 'నాకు దొరికింది' అంటుంది. ఆమెకు తవుడు పోసి పాపను కొనుక్కోవాలి. అలా కొన్న పిల్లకు పెంటమ్మ అని పేరు పెడితే నూరేళ్లు బతుకుతుందని లీలావతి నమ్మకం.

నమ్మకం ఒక్కటేనా, భయం కూడా. ఈసారి ఎవరి కన్నూ పడకూడదని కోడలిని నెలల తరబడి మానుకోటలో కూతురు పద్మలత ఇంట్లోనే ఉంచింది. సాహితి మొన్ననే పాపతో లింగాల ఘనపూర్ వచ్చింది. తొట్టెల పండుగ కూడా గుట్టుగానే. బయటివాళ్లెవరని చూస్తే పక్కింటి మైసమ్మ ఒక్కతే. ఆమెను పిలవకపోయినా వస్తుంది.

పాపను ఎత్తుకునే వంతు పద్మలతది. మొగుడు ఐలేశ్‌తో పొద్దున్నే బస్సు దిగి వచ్చి, వాకిట్లోనే కూర్చుంది. లోపలికి రమ్మంటే "గాలి ఆడుతుంది, ఇక్కడే మంచిగుంది" అంది.

"ఏందే పద్మా, గిట్ల గుంజుకపోయినవ్? ఎండల ఆ శాలువేంది, చెవులకా గుడ్డేంది?" మైసమ్మ అడిగింది.

"జరమొచ్చి లేసిన చిన్నమ్మా. బస్సుల గాలి పడలేదు."

సాహితి ఫోను తీసుకొచ్చి పద్మలత ముందు పెట్టింది. "నువ్వన్న చెప్పు వదినె. 'మీరా' ఎంత మంచిగున్నది! రష్యా దిక్కు శాంతి అనే మాటకు దగ్గరట, లాటిన్‌ల అద్భుతమట."

పద్మలత ఫోను వంక చూడలేదు. పాప వంకా చూడలేదు. "కానియ్ సాహితీ. ముందు ఈ పని కానియ్" అంది.

సాహితి మొగుడు కరుణాకర్ పెంటకుప్ప మీద గోనె పరిచి, కూతుర్ని చాటలో పడుకోబెట్టాడు. వీపుకు చల్లగా తగిలిందో ఏమో, పాప కెవ్వుమంది.

"ఆగు పద్మా, నేను చెప్పినంక..." లీలావతి మాట నోట్లోనే ఉంది. పద్మలత అప్పటికే ఉరికి పాపను గుండెలకు అదుముకుంది. పాప టక్కున ఏడుపు ఆపింది.

"నాకు దొరికింది. నాది."

"శానా మంచిగ ఆడుతున్నవ్ బిడ్డా!" మైసమ్మ చప్పట్లు కొట్టింది.

సాహితి చాటెడు తవుడు పట్టుకుని ఎదురుగా నిలబడింది. "అమ్ముతవా వదినె?"

"నేను అమ్మ."

"అగ్గో, అమ్మదట!" మైసమ్మ పకపక నవ్వింది. "ఇద్దరూ మొగపిల్లలాయె. ఆడపిల్ల మీద మనసు పోతది మరి. ఇంకో చాటెడు పొయ్యవే సాహితీ!"

సాహితి నవ్వలేదు. "ఎన్ని చాటలన్న పోస్త వదినె. ఇయ్యవూ?" అంది.

"తవుడు ఒక్క చాటే చాలు. పెంటమ్మ అని మాత్రం పిలువొద్దు."

లీలావతి ముందుకొచ్చింది. "పిచ్చి లేసిందానే? దానికే కదా ఈ తతంగమంతా!"

"పారేసిన పిల్ల అని దానికి పేరు పెట్టకు అవ్వా. దాన్నెవరూ పారెయ్యలే. సాహితీ, నీ ఫోన్ల జర చూడు. కావాలని కోరుకున్న బిడ్డ అని అర్థమొచ్చే పేరేమన్న ఉంటదా?"

సాహితి ఫోనులో వెతికింది. "డెజిరే. ఫ్రెంచోళ్లు పెట్టుకుంటరట."

"మన నోటికి తిరుగది."

"ఆర్జూ. ఉర్దూల కోరిక."

పద్మలత ఆ మాటను పెదవుల మీదే అనుకుని చూసింది. "మనదాంట్ల లేదా?"

"ఉన్నది. ఈప్సిత. అచ్చం నువ్వన్నదే, కావాలని కోరుకున్నది."

"ఈపుసీతనా? ఈపేందే, సీతేందే!" మైసమ్మ కడుపు పట్టుకుంది.

లీలావతి కూతురి ముఖం చూసింది. చాలాసేపు చూసింది. ఏ పంతమైనా నెగ్గించుకునే ఆ మనిషి కొంగుతో కళ్లొత్తుకుంది. "నీ మాటే కానియ్ బిడ్డా. దేవుడే కాపాడుతడు."

మైసమ్మ ముక్కున వేలేసుకుంది. లీలక్క ఒకరి మాట వినడం ఆమె ఎన్నడూ చూడలేదు.

పద్మలత పాప చెవిలో ఆ పేరు పలికింది. ఒకసారి చాలు. మళ్లీ పలికింది, మళ్లీ పలికింది. సాహితి చాటను ఆమె కాళ్ల దగ్గర దించి, రెండు చేతులూ చాచింది. పద్మలత పాపను ఆ చేతుల్లో పెట్టి గిరుక్కున తిరిగింది.

"ఇంత తిని పోరాదే. ఈ పూటన్న ఉండు" లీలావతి వెంటపడింది.

"ఉండ అవ్వా. ఉంటే పోలేను."

గుమ్మం బయట ఐలేశ్ జనగామ ఆటోను ఆపి ఉంచాడు. భార్య చెయ్యి పట్టి ఎక్కించాడు. లోపల పాప ఆకలికి మళ్లీ ఏడుపు అందుకుంది.

శాలువా కింద పద్మలత రవిక పాలతో తడిసిపోయింది.