ఆరున్నొకటి

“ఆరు తీగలది చాలు పాపా. సినిమా పాటలకీ అదే, భజనలకీ అదే. ఆరున్నొకటి ఉండేది మనకెందుకు?” తిరుపతిలో ఒక గిటార్ల అంగట్లో కూతురి వెనక నిలబడి అన్నాడు ఏకాంబరం.

చిత్తూరు మండీలో ముప్పై ఏండ్లుగా మామిడికాయలు లెక్కపెడుతున్న మనిషి. ఏడు అంటే ఏడుపు వెంటబడుతుందని, ఆరు తర్వాత ఆరున్నొకటి అనే అంటాడు.

ఆర్కెస్ట్రాలో వాయించే భానుశ్రీ మాత్రం ఆ ఒక తీగ ఎక్కువున్న గిటారునే ఒళ్లో పెట్టుకుంది. అన్నిటికంటే లావు తీగను మళ్లీ మళ్లీ మీటుతోంది.

“చెప్తాండేది నీకే! ఇది తీసుకపోతే ఆర్కెస్ట్రావాళ్లు పిలుస్తారా?”

ఆమె తిరగలేదు. ఏకాంబరానికి ఒళ్లు మండింది. ఆరు తీగల గిటారు అందుకుని, సన్న తీగను గట్టిగా లాగి వదిలాడు. అంగడివాడు ఉలిక్కిపడ్డాడు. భానుశ్రీ కదల్లేదు.

ఆయన ఆమె భుజం పట్టి తిప్పాడు. తండ్రి చేతిలో ఇంకా వణుకుతున్న తీగను అప్పుడు చూసిందామె.

“అది నాకు ఇనపడదు నాయనా. సన్న శబ్దాలన్నీ పోయినాయి. నీ మాట గూడా మొగం చూసే తెలుసుకుంటా ఉండాను. ఇదొకటే వస్తా ఉండాది.” లావు తీగ మీటి, చెక్కకు చెంప ఆనించింది. “ఇది గూడా పోతాదంట. డాక్టరు చెప్పినాడు.”

కళ్లు మూసుకుంది.

ఏకాంబరం అంగడివాడి వైపు తిరిగాడు. చేతిలోని గిటారు తిరిగి ఇచ్చేశాడు.

“ఏడు,” అన్నాడు. “ఏడు తీగలదే ఇయ్యప్పా.”

భానుశ్రీకి వినబడలేదు.