ఆడిమామిడి తల్లి

"ఆకును సూసి చెట్టుకు తల్లేదో చెప్పేస్తారా పాపా?" ఏకాంబరం మూడోసారి అడిగాడు.

"చెప్తాం పెద్దాయనా," అంది ధరణి. ఆ అమ్మాయి తిరుపతిలో పండ్లచెట్ల మీద పరిశోధన చేస్తోంది. "ఆకుకు పచ్చదనమిచ్చే హరితరేణువులకు సొంత జన్యువులుంటాయి. మామిడిలో అవి తల్లి నుంచే బిడ్డకు వస్తాయి. పుప్పొడి ఏ చెట్టుదైనా వాటిని మార్చలేదు. ఆ జాడ పట్టుకునే, అడవిమామిడి మన తోటల్లోకి ఎట్లా వచ్చిందో వెతుకుతున్నాం."

ఏకాంబరానికి అడవి సంగతి అక్కర్లేదు. ఆయన అనుమానం వేరు, అది ముప్పయ్యేళ్ళది. వడమాలపేట దగ్గర ఆయన పొలంలోని మామిడి, ఊళ్ళో కాయలన్నీ అయిపోయాక, జూలై నడుమ మొదలయ్యే ఆడినెలలో పండుతుంది కాబట్టి దాన్ని ఆడిమామిడి అంటారు. అలిపిరి మెట్ల దగ్గర ఒక సాధువు పండు ఇస్తే, తిని టెంక నాటానని నాయన చెప్పేవాడు. అందుకే ఏటా తొలి గంప కొండకు పోతుంది. పక్క పొలం ప్రేమానందం తల్లి ఎస్తేరు మాత్రం బతికినన్నాళ్ళూ ఒకటే మాట అనేది.

"సాధువూ లేదు, సన్నాసీ లేదు. మా నాటుమామిడి చెట్టు కింద రాలిన పండు ఏరుకోని పోయినాడు మీ నాయన."

నాయన అబద్ధమాడాడా? అడుగుదామంటే నాయన లేడు.

ఇప్పుడా నాటుచెట్టుకే గండం వచ్చింది. అక్కడ కోళ్ళషెడ్డు వేస్తానని ప్రేమానందం కొడుకు సుకుమార్ మానులు కోసే సామిల్లు వాళ్ళతో బేరం కుదుర్చుకున్నాడు.

"మా అమ్మ నీళ్ళు మోసి పెంచిన చెట్టురా," అన్నాడు ప్రేమానందం.

"దీని పులుపుకు కాకులు గూడా వాలవు నాయనా." సుకుమార్ ఏకాంబరం వైపు తిరిగాడు. "పెదనాయనా, నీ చెట్టుకు ఇదే తల్లని తేలితే ముట్టను. లేదంటే మరుసటి దినమే రంపం."

ధరణి రెండు కాగితం కవర్ల మీద రెండు చెట్ల పేర్లూ రాసి, లేతాకులు కావాలంది. స్నానం చెయ్యకుండా, చెప్పులతో ఆడిమామిడిని ఎవరూ తాకకూడదు. అది ఏకాంబరం ఇంటి ఆచారం. ప్రేమానందానికేమో మోకాళ్ళ నొప్పులు.

"నా కొడుకు చేతికిస్తే చింతాకు ఏస్తాడు," అన్నాడు ప్రేమానందం. "రెండూ నువ్వే కొయ్యప్పా."

మరునాడు పొద్దున స్నానం చేసి బయల్దేరుతుంటే భార్య మునిలక్ష్మి గడప దగ్గర ఆపింది.

"అదీ ఇదీ కలిసినాయంటే మామ మాట ఏం గావాల? కొండకు పోయే గంపను సూసి ఊరంతా నవ్వదా? మన కవర్లో ఇంకో చెట్టు ఆకు ఎయ్యి. ఎవురికి తెలస్తాది?"

"పైన స్వామి ఉండాడు గదే."

"స్వామికి మన పరువు అక్కర్లేదా?"

ఏకాంబరం గడప దాటాడు. గట్టు మీద నడుస్తుంటే వెనకటి కరువొకటి గుర్తొచ్చింది. ఏకాంబరం బావి ఎండిన రెండేళ్ళూ ప్రేమానందమే తన బోరు నుంచి పైపు వేసి ఆడిమామిడిని బతికించాడు. తన వేరుశనగ వాడిపోతున్నా పైపు తియ్యలేదు. బదులు ఏమీ పుచ్చుకోనూ లేదు.

నాటుచెట్టు మానుకు సామిల్లు వాళ్ళు గీసిన సున్నపు గీత కనబడింది. ఏకాంబరం దాని కింద చాలాసేపు నిలబడ్డాడు. ఎండెక్కాక వచ్చి, మూసిన కవర్లు రెండూ ధరణి చేతిలో పెట్టాడు.

రెండు నెలలకు ధరణి మళ్ళీ వచ్చింది.

"రెండూ ఒకటే. వెంట్రుకంత తేడా లేదు. ఇట్లాంటిది ఈ చుట్టుపక్కల ఇంకే తోటలోనూ మాకు దొరకలేదు. నాటుచెట్టే తల్లి."

సుకుమార్ ఫోన్ తీసి సామిల్లు వాళ్ళను రావద్దన్నాడు. ప్రేమానందం కుంటుకుంటూ వచ్చి ఏకాంబరం చేతులు పట్టుకున్నాడు.

"మీ నాయన మాట పోతాదని తెలిసీ నిజమైన ఆకే ఏసినావు. ప్రభువు నిన్ను సల్లగా సూడాల."

ఏకాంబరం తల వంచుకున్నాడు.

ఇంటికి వస్తూ దారిలో మునిలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. "అయితే మామ చెప్పింది అబద్ధమేనా?"

"నాకు తెలీదు."

"టెస్టులో తేలిపాయ గదా! ముప్పయ్యేళ్ళ అనుమానం ఇప్పుడన్నా తీరలేదా?"

"అనుమానం తీరలా. నీళ్ళ రుణం తీరినాది."

ఆమెకేమీ అర్థం కాలేదు.

రెండు కవర్లలోనూ ఏకాంబరం వేసినవి నాటుచెట్టు ఆకులే.