ఆకాశం తగలని ఆరు రోజులు

పోర్టు గేటు బయట, టీ బడ్డీ దగ్గర నిలబడి హేమశ్రీ ఏడుస్తోంది. ఆమె పెట్టెను లారీలోకి ఎక్కిస్తున్నారు.

"ఏటమ్మా, ఏటయింది?" బల్ల మీద కూర్చున్నాయన అడిగాడు. యాభై ఏళ్ళుంటాయి. చొక్కా నిండా గ్రీజు మరకలు.

"ఆ పెట్టెలో రాగి పలకలున్నాయి. పాడైపోయాయి."

"రాగి పాడవుద్దేటి? సింతపండెట్టి తోమితే తళతళలాడిపోద్ది."

హేమశ్రీకి ఒళ్ళు మండింది. అయినా చెప్పింది. ఎవరో ఒకరికి చెప్పుకోకపోతే గుండె పగిలిపోయేలా ఉంది మరి.

"ఆ రాగి, కొండ అడుగున ఉన్న మా ప్రయోగశాలకి వెళ్ళాలి. అక్కడ న్యూట్రినో అనే కణం కోసం కాపు కాస్తాం. దాని అలికిడి తెలియాలంటే చుట్టూ ఉన్న రాగి గప్‌చుప్‌గా ఉండాలి. ఆకాశం నుంచి కంటికి కనపడని కణాలు కురుస్తుంటాయి. అవి తగిలాయంటే రాగిలో రేడియోధార్మికత పుడుతుంది. ఇక ఏళ్ళ తరబడి గోలే. వానలకి రోడ్డు తెగి లారీ రాలేదు. ఓడ దిగిన పెట్టె ఆరు రోజులు ఆరుబయట యార్డులో పడి ఉంది! నాలుగేళ్ళ కష్టమండీ."

"ఎక్కడ్నుంచి కురుత్తన్నాయమ్మా?"

"ఎప్పుడో పేలిపోయిన నక్షత్రాల నుంచి."

"ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడూ. మీ అరచేతిలోంచి సెకనుకొకటి దూసుకుపోతోంది."

ఆయన చెయ్యి చాపి, తలెత్తి ఆకాశాన్ని చూశాడు.

"అమ్మబాబోయ్! ఇన్నేళ్ళు బతికేను, ఒక్కటీ తెల్లేదు గదమ్మా! సుక్కలు నాలోంచి పోతన్నాయా!"

టీ చల్లారిపోతోంది. ఆయన చెయ్యి దించలేదు.

"మరి రాయీ రప్పా అడ్డమొత్తే ఆగవా?"

"పది మీటర్ల మందం ఉంటే చాలు, పాడుచేసేవి దాదాపు ఆగిపోతాయి."

ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే మంచి పనే అయింది!"

"మంచి పనా?" హేమశ్రీ కస్సుమంది. "నా కొంప మునిగితే మీకు నవ్వులాటగా ఉందా?"

"అది కాదమ్మా, నాను సెప్పేది..."

లారీ హారన్ కొట్టింది. ఆమె వెనక్కి చూడకుండా ఎక్కేసింది.

మూడో రోజు, కొండ అడుగున పెట్టె సీలు విప్పారు. లోపలి చిన్న మీటరు దారి పొడుగునా పైనుంచి రాలే కణాలను లెక్కపెడుతూ వచ్చింది. లారీలో లెక్క ఎక్కువ. ఓడ అడుగున తక్కువ. పోర్టులో ఉన్న ఆరు రోజులూ ఓడలోకంటే ఇంకా తక్కువ!

హేమశ్రీ ఆ లెక్కను మూడుసార్లు చూసింది. రాగికి ఏమీ కాలేదు. ఆకాశానికీ ఆ పెట్టెకీ మధ్య ఎవరో ఒక కొండను అడ్డం పెట్టారు.

యార్డు సూపర్‌వైజరుకు ఫోన్ చేసి, ఆ ఆరు రోజులూ పెట్టె ఎక్కడుందని అడిగింది.

"అదా మేడం! ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పోలిరాజు పని. పెట్టె మీద ఇంగ్లీషులో ఉన్నది కూతురి చేత చదివించుకున్నాడు. 'భూమి కింద ఉంచాలని రాసుంది బావా, పాడైపోద్దేమో' అని నాతో ఒకటే గొడవ. నేను వద్దంటున్నా వినకుండా ముడి ఇనుము గుట్ట కింద ఉన్న పాత కన్వేయరు బెల్టు సొరంగంలో పెట్టేశాడు. లారీ వచ్చాకే బయటికి తీశాడు."

"ఆయనకి ఫోనివ్వండి. దండం పెట్టుకోవాలి."

"ఇంకెక్కడి పోలిరాజు మేడం! నా మాట విననందుకు, మీరొచ్చిన రోజు పొద్దున్నే పనిలోంచి తీసేశాను. ఇప్పుడు ఊళ్ళోనే లేడు, ఎక్కడున్నాడో తెలీదు. పెట్టె తాలూకు మేడం వచ్చి ఒక్క మాట చెబితే మళ్ళీ తీసుకుంటానన్నాను. గేటు బయట టీ బడ్డీ దగ్గర మీకోసమే కూర్చున్నాడే... కనపడలేదా?"