రెండు నల్ల కార్లు

"చిన్నల్లుడి కారు చూశావటే? నిన్న కొన్నట్టుంది," అని అత్తగారితో అన్నారు మామగారు, గేటు దగ్గర నిలబడి.

పక్కనే ఆగి ఉన్న పెద్దల్లుడి కారు గురించి ఆయన ఏమీ అనలేదు.

ఆ ఏమీ అనకపోవడమే పెద్దల్లుడికి గుచ్చుకుంది.

రెండూ ఒకే కంపెనీ కార్లు. ఒకే నెలలో కొన్నారు. రెండూ నలుపే. మూడేళ్ళు తిరిగేసరికి ఒకటి అద్దమైంది, ఇంకొకటి పలకైంది.

ఆ పూట భోజనాల దగ్గర పెద్దల్లుడి ధ్యాసంతా ఆ కారు మీదే.

తోడల్లుడిని అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ అడిగితే లోకువైపోడూ? అందుకని అందరూ కబుర్లలో ఉండగా బయటికొచ్చి, చిన్నల్లుడి కారులోకి దొంగచూపు చూశాడు. లోపల ఒక షాపు కార్డు వేలాడుతోంది. షాపు పేరు కింద 'కారు రంగుకి మెరుపు పూత, సిరామిక్ కోటింగ్ వేయబడును' అని ఉంది.

అదా సంగతి, అనుకున్నాడు.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టాడు.

"మనకి ఆ కోటింగ్ అవసరమంటారా? నెల జీతం పోసేయాలట," అంది భార్య.

"మీ చెల్లెలి మొగుడికి అవసరమైంది, నాకు కాదా?"

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెళ్ళయిన నాటి నుంచి వింటున్న మాటే అది.

షాపులో మేనేజరు ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఈలోగా ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి కార్లు కడిగే పెద్దాయన ఒకాయన కారు దగ్గరికొచ్చాడు. పలచటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా తడిమాడు.

"కవరెందుకు?"

"ఉత్త చేతికి అందని గరుకు కూడా కవరులోంచి తెలుస్తుంది బాబూ." పెద్దాయన వంగి, ఎండ పడుతున్న వైపు నుంచి చూశాడు. "రోజూ పొడిగుడ్డతో తుడుస్తున్నారా?"

తుడుస్తున్నాడు. కసిగా తుడుస్తున్నాడు. ఆ సంగతి ఈయనకెలా తెలిసిందని ఒళ్ళు మండింది.

"సన్నటి గీతలు పడ్డాయి, గుండ్రంగా. అవి తీయకుండా కోటింగ్ వేస్తే కిందే ఉండిపోతాయి. పైన పటారం, లోన లొటారం."

"అయితే తీసి వేయండి."

"తీయడానికి మూడు రోజులు పడుతుంది. తీశాక ఇక కోటింగ్ ఎందుకు బాబూ? మీ బండి నీడలోనే ఉంటుందా?"

"షెడ్డులో ఉంటుంది."

"మరింకేం. పొద్దస్తమానం ఎండలో నిలబడే బండికి, కడిగే తీరిక లేనివాళ్ళకి అది మంచిదే. మురికి తొందరగా పట్టదు. మీ బండిని వారానికోసారి పద్ధతిగా కడిగితే చాలు."

పెద్దల్లుడు పళ్ళు నూరాడు.

"ఇలాంటి నల్ల కారే ఇంకోటి మీ దగ్గరికొస్తుంది. దానికి మాత్రం వేశారుగా?"

పెద్దాయన ముఖం విప్పారింది. "ఆ బండా బాబూ, దానికైతే..."

"చాలు."

తోడల్లుడి కారు పొగడ్త ఇక్కడ కూడా వినే ఓపిక అతనికి లేదు. ఆ కారుకి ఒక న్యాయం, తన కారుకి ఒక న్యాయమా? కారు కొనలేనివాడు కారున్నవాణ్ణి చూసి ఓర్వలేకపోతున్నాడని తేల్చుకున్నాడు. ఓర్వలేనితనం గురించి అతనికి తెలియంది లేదు మరి.

తిన్నగా మేనేజరు దగ్గరికెళ్ళాడు.

"మీ మనిషి వచ్చిన బేరాన్ని వెనక్కి తోలుతున్నాడు."

"ఆయన అందరికీ అదే చెబుతాడు సార్. ఆయన మీద నేను చెబితే ఓనరు వినరు. మీరు ఫిర్యాదు పుస్తకంలో రాయండి. కోటింగ్ మేం ఇవాళే వేసేస్తాం."

పెద్దల్లుడు రాశాడు. తోడల్లుడి మీదున్న ఉక్రోషం కూడా కలిపి పేజీ నిండా రాశాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే అదే.

సాయంత్రానికి కారు తళతళలాడుతూ చేతికొచ్చింది.

ఆదివారం మామగారింటి ముందు కావాలనే చిన్నల్లుడి కారు పక్కన, మంచి ఎండలో ఆపాడు. ఎండ పడగానే బానెట్ నిండా గుండ్రటి గీతలు తేలాయి. ఒక్కటీ తగ్గలేదు సరికదా, మెరుపుకి ఇంకా బాగా కనిపిస్తున్నాయి.

మామగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"కడిగించలేదా అల్లుడుగారూ?"

పెద్దల్లుడికి తల కొట్టేసినట్టయింది. దిక్కులు చూస్తుంటే చిన్నల్లుడి కారు మీద దుమ్ము కనిపించింది. ప్రాణం లేచొచ్చింది.

"ఏం తమ్ముడూ, ఈ వారం నువ్వూ కడిగించలేదా?"

"ఎవరితో కడిగించను అన్నయ్యా? ఆ షాపులో పెద్దాయన ఉండేవాడు, చేతికి కవరు తొడుక్కుని తడిమి చూసేవాడు. ఎవరో పేజీ నిండా ఫిర్యాదు రాశారట, తీసేశారు. ఇల్లెక్కడో అక్కడెవరికీ తెలీదు. మూడు రోజులుగా వెతుకుతున్నాను."

పెద్దల్లుడు చటుక్కున తల తిప్పుకున్నాడు. అయినా ఊరుకోలేకపోయాడు.

"పోతే పోయాడులే. నీది కోటింగ్ వేసిన కారు. ఎవరు కడిగినా మెరుస్తుంది."

"నా కారుకి కోటింగెక్కడిది అన్నయ్యా, ఈ మూడేళ్ళ మెరుపంతా ఆయన చేతిదే."