వరసలో చివరి మనిషి

చెత్త పడేయడానికి సందులోకి వెళ్ళిన చంద్రవ్వ, సగం దారిలోనే పరుగున వెనక్కొచ్చి తలుపు గడియ పెట్టేసింది.

“అమ్మా, ఎవలో నా ఎనుకనే అస్తున్నరు!”

క్రిస్టీనా కిటికీలోంచి తొంగి చూసింది. సందులో ఒక బక్క పిల్లి తప్ప ఎవరూ లేరు.

“ఇది బ్రెజిల్ కాదు చంద్రవ్వా, బహ్రెయిన్‌లో మన ఉమ్మ్ అల్ హస్సామ్ పేట. ఇక్కడ నీ వెంట ఎవరు పడతారు?”

పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే. బ్రెజిల్ టూరు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ చంద్రవ్వ వరస ఇదే.

పోయిన నెల షాలేమ్, క్రిస్టీనా దంపతులు ఆ టూరుకు వెళ్తూ, రెండేళ్ళ పాపను చూసుకోడానికి పనిమనిషి చంద్రవ్వను కూడా తీసుకెళ్ళారు. జగిత్యాల దాటి బహ్రెయిన్ రావడమే ఆమెకు భూగోళం చుట్టి వచ్చినంత పని. అలాంటిది, అక్కడ కనుచూపు మేరా నీళ్ళూ గడ్డీ, పంది అంత ఎలుకలు, గట్టున నోళ్ళు తెరుచుకుని పడుకున్న మొసళ్ళు! బసలో రంపం పళ్ళ చేపల పులుసు పోస్తే, “నేను దీన్ని తినాల్నా, ఇది నన్ను తింటదా?” అని అందరినీ నవ్వించింది.

ఆ నవ్వు అడవి బాట పట్టేదాకానే.

ముందు గైడు, అతని వెనక కెమెరాతో షాలేమ్, తర్వాత క్రిస్టీనా. అందరికన్నా చివర, చంకలో పాపతో చంద్రవ్వ.

“మీరు మధ్యలో నడవండి” అని గైడు సైగ చేశాడు.

యజమానుల ముందు నడవడమా! ఆమెకు మనసొప్పలేదు. బహ్రెయిన్‌లో మాల్‌కి వెళ్ళినా నాలుగడుగులు వెనకే నడిచే మనిషి.

కాసేపటికి వెనక ఆకుల చప్పుడైంది. ధైర్యం చేసి ఒక్కసారి తిరిగి చూసింది. చెట్ల మధ్య గడ్డం మనిషి. చేతిలో మూరెడు కత్తి.

ఆమె ఆగితే ఆ చప్పుడూ ఆగింది. నడిస్తే నడిచింది.

“అమ్మా, వాడెవడో నన్నే పట్టుకొని అస్తుండు. కత్తి ఉన్నదమ్మా! నా పానమంత గజగజ అంటున్నది!”

క్రిస్టీనా గైడును పట్టుకుని దులిపేసింది. “ముక్కూ మొహం తెలియనివాడు మా పాప వెంట పడుతుంటే చూస్తూ ఊరుకుంటారా?”

గైడు వెళ్ళి అతన్ని కసిరి, ఆ బాటలో మళ్ళీ కనపడొద్దని తరిమేశాడు. అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు.

తరిమేసినా చంద్రవ్వ భయం మాత్రం ఆమెతోపాటే విమానమెక్కి బహ్రెయిన్ వచ్చేసింది.

చంద్రవ్వ సందులోంచి పరుగెత్తుకొచ్చిన రోజు సాయంత్రం షాలేమ్ ఆఫీసు నుంచి ఉత్సాహంగా వచ్చాడు. “గైడు వీడియో పంపాడు. జంతువుల కోసం చెట్లకు కెమెరాలు కట్టారుగా, మనమూ పడ్డామట!”

టీవీలో పెట్టాడు. తెర మీద షాలేమ్ వెళ్ళాడు, క్రిస్టీనా వెళ్ళింది, పాపతో చంద్రవ్వ వెళ్ళింది. ఆ వెనకే అతను.

“వాడే!” చంద్రవ్వ గోడకు అతుక్కుపోయింది.

కానీ అతను ఆమె వైపు చూడటం లేదు. ఆమెకు వీపు పెట్టి, కత్తి చాచి, వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

పొదల్లోంచి మచ్చల పులి, జాగ్వార్, బయటికొచ్చింది.

అతను ఆగిపోయాడు. చేతులు బార్లా చాపి, బాటకు అడ్డంగా నిలబడ్డాడు. కాసేపు అతన్నే చూసి, పులి పక్కకు తప్పుకుంది.

క్రిస్టీనా పాపను లాగి గుండెకు హత్తుకుంది. షాలేమ్ గైడుకు ఫోన్ చేశాడు.

“సార్, ఒక్కపారి ఆయినతోని మాట్లాడియ్యున్రి. ఆయిన కాళ్ళు మొక్కుత” అంది చంద్రవ్వ ఏడుస్తూ.

ఇంగ్లీషులో చాలాసేపు సాగింది మాట. షాలేమ్ ఫోన్ పెట్టేశాడు.

“ఆయన గైడు తాలూకు మనిషి కాదట. గైడు కొత్తవాడు, అప్పుడు అతనికీ తెలీదట; తర్వాత ఊళ్ళోవాళ్ళు చెప్పారట. తరిమేసిన రోజు నుంచి ఆయన ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదట.”

“మరి మా ఎనుక ఎందుకు అచ్చిండు సార్?”

షాలేమ్ పాప వైపు చూశాడు.

“ఆయన భార్య కూడా నీలాంటి పనిమనిషేనట చంద్రవ్వా. అదే బాటలో, టూరుకొచ్చినవాళ్ళ బిడ్డనెత్తుకుని అందరికన్నా చివర నడుస్తుంటే, పులి ఆమెను ఎత్తుకుపోయిందట.”