ముట్టని నీళ్లు

చెంబు అందుకుని ఆ ముసలాయన పెదాలు మాత్రం తడుపుకున్నాడు. మిగతా నీళ్లన్నీ వాకిట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పోశాడు.

రామక్కకు ఒళ్లు మండింది.

ఎవరో ఏమో తెలియదు. తంబళ్లపల్లె బస్సు దిగి, ఎండలో నడుచుకుంటూ కాలనీలోకి వచ్చాడు. నల్లగా కమిలిన ముఖం, ఉబ్బిన కళ్లు, ఎడమ చేతికి చుట్టుకున్న తువ్వాలు. పాపం దాహంగా ఉన్నాడనుకుని అడగకుండానే నీళ్లిచ్చింది.

"యాలప్పా, మా ఇండ్లల్లో నీళ్లు తాగవా?"

"అట్ల కాదు తల్లీ. నేను తాగకూడదు."

"నేను చెప్తాండేది గూడా అదే. మీరు తాగకూడదు, మేము పొయ్యకూడదు. ఆ కాలం పాయె అనుకుంటిమి."

రామక్క నోటికి కాలనీలో అందరూ జడుస్తారు. ముసలాయన మాత్రం అరుగు మీదే కూర్చున్నాడు. మంచం మీద పడుకున్న ఆమె మొగుడు అంజినప్ప కాళ్ల వైపే చూస్తున్నాడు.

"ఆ కాళ్లు ఎప్పటినించి వాచినాయి?"

"చెనిక్కాయలు పీకి పీకి వాచినాయి. మాత్ర ఏసుకుంటే దిగిపోతాది."

"నొప్పి మాత్రలు మింగనియ్యొద్దు తల్లీ. మదనపల్లెకు పిల్సకపోయి రక్తం సూపించు. ఈ బోరు నీళ్లు గూడా తాగొద్దండి. ఇవి మంచివి కావు."

బోరు మాట వినగానే రామక్కకు కోపం నెత్తికెక్కింది.

ఆ బోరంటే కాలనీకి ప్రాణం. అది పడక ముందు పై ఊరి బావి దగ్గర కడవలు పెట్టుకుని, ఎవరైనా దయతలచి తోడి పోస్తారా అని కాళ్లు పీకేదాకా నిలబడేవాళ్లు. అలాంటప్పుడు నీళ్లు చూసే మనిషి ఒకాయన వచ్చాడు. గుండ్రాయిలాంటి మనిషి. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని నడిచాడు. బండ తప్ప ఏమీ లేదని అందరూ వదిలేసిన చోట ఆయన చేతిలో కాయ లేచి నిలబడింది. బోరు పొంగిన రోజు ఆయనను భుజాల మీద ఎత్తుకుని వీధంతా తిప్పారు.

"ఈ నీళ్లు వద్దంటే ఏం తాగల్లప్పా? క్యాన్ల ఆటో మా దావకు రాదు. చెరువు ఎండిపాయె. మళ్లా పై ఊర్లోకి పోయి చేతులు సాపమంటావా?"

ముసలాయన ఖాళీ చెంబును అరుగు మీద పెట్టాడు.

"ఈ నీళ్లు సూపించిన ఆయప్పకు దినామూ దీపం పెట్టి మొక్కుతాండాను. యాడుండినా సల్లగా ఉండల్ల. నీ మాదిరి పారబోసే మనిషి కాదు. మా చెంబుతోనే కడుపు నిండా తాగి పాయె."

ముసలాయన తల వంచుకున్నాడు.

"నీళ్లు యాడుండాయో తెలుస్తాది గానీ, ఎట్లాంటివో ఆయప్పకు ఎట్ల తెలుస్తాది తల్లీ," అన్నాడు మెల్లగా.

"ఆయప్పను ఒక్క మాటన్నా మర్యాద దక్కదు. లేసి పో."

లేచాడు. తూలుకుంటూ వెళ్లిపోయాడు. సందు మలుపులో ఒకసారి ఆగి బోరు వైపు చూశాడు.

అంజినప్ప మాత్రలు మింగుతూనే చేనికి పోయాడు. వేరుశెనగ పంట ఇల్లు చేరేసరికి మంచం మీద నుంచి లేవలేకపోయాడు.

మదనపల్లెలో డాక్టరు రెండు కిడ్నీలూ పోయాయన్నాడు. ముందే తెచ్చి ఉంటే మందులతో కొంతకాలం నెట్టుకొచ్చేవాళ్లమన్నాడు. ఇప్పుడు మిషన్ మీద రక్తం కడగాలి. బెడ్డు మాత్రం ఖాళీ లేదు.

ఇంటికి తీసుకుపోతే మనిషి దక్కడు. ఇక్కడ ఉంచుకుంటారో లేదో తెలియదు. రామక్క ఆసుపత్రి మెట్ల మీద మొగుడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జీవితంలో మొదటిసారి ఎవరిని తిట్టాలో ఆమెకు తోచలేదు.

మర్నాడు మిషన్ల దగ్గర పనిచేసే ఆబిదా వచ్చి పిలిచింది.

"ఒక బెడ్డు ఖాళీ అయింది, రాండమ్మా."

ఎలా ఖాళీ అయిందో రామక్క అడగలేదు.

లోపల అన్ని మంచాల మీదా అదే కమిలిన ముఖం, అవే ఉబ్బిన కళ్లు, సూదులు గుచ్చిన చేతులు. పక్క మంచం మీదాయన గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేశాడు.

రామక్క ఆబిదా చెయ్యి పట్టుకుంది.

"ఆయప్ప యాల ఉమ్మేస్తాండాడు?"

"ఈ జబ్బుకు నీళ్లు తాగకూడదమ్మా. లోపలే నిలిసిపోతాయి. మీ ఆయనకు గూడా ఇంక నోరు తడిపేదే."

"ఎడమ చేతికి తువ్వాలు చుట్టుకొని ఒక ముసలాయన..."

"మునస్వామి తాత. ఈ బెడ్డు ఆయనదే. మిషన్ లేని దినం బస్సెక్కి, బోరు నీళ్లు తాగొద్దండని చెప్పుకుంటా పల్లెలు తిరుగుతా ఉండె. వద్దంటే వినల్యా. తంబళ్లపల్లె దిక్కు ఎవరో ఒకాయమ్మ తరిమిందంట. 'ఆయమ్మ మొగునికి కాళ్లు వాచినాయి, ఈడికే వస్తాడు, నా తర్వాత ఈ మంచం ఆయనకిప్పించు' అని డాక్టరు కాళ్లు పట్టుకునె."

"మా మీద ఆయప్పకు యాలమ్మా అంత దయ?"

"ఏమోనమ్మా. అంతగా ఏమీ చెప్పల్యా. అన్నట్టు, మీ ఆయనకు కొబ్బరినీళ్లు అసలు తాపొద్దు, గుండె నిలిసిపోతాది. తాతకు ఆ మాట చెప్తే నవ్వుతా ఉండె. 'బతుకంతా కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకొని తిరిగినోన్ని, కడాకు అది గూడా నాకు పగయిపాయె' అని."

అంజినప్ప కళ్లు తెరిచి నీళ్లడిగాడు.

రామక్క అతని పెదాలు మాత్రం తడిపి, చెంబు పక్కన పెట్టింది.

చల్లగా ఉండాలని తాను రోజూ దీపం పెట్టి మొక్కిన మనిషి మంచం మీదే ఇప్పుడు తన మొగుడు పడుకుని ఉన్నాడు.