మూడు మిల్లీమీటర్లు

“కాయ్ రే తుషార్, ఏంది ఇది? మూడు మిల్లీమీటర్ల సందు! గిట్ల కప్పు కడ్తె జనం నెత్తిన పడదా?”

రామకిషన్ సారు ఆ డ్రాయింగ్ షీట్‌ను క్లాసంతటికీ తిప్పి చూపించాడు. భోకర్ నుంచి రోజూ బస్సులో నిలబడి వచ్చే తుషార్ తల దించుకున్నాడు.

“నాలుగు సార్లు గీసిన సార్. కలుస్తలేదు.”

“అందరిది కలిసింది, నీదొక్కటే ఎందుకు కలవది? సున్నా! శ్రద్ధ షీట్ చూడు, ఎంత ముద్దుగ కలిసిందో.”

శ్రద్ధ బల్ల మీది రబ్బరును గబుక్కున బ్యాగులోకి తోసేసింది.

నాందేడ్‌లోని ఆ డిప్లొమా కాలేజీలో కంప్యూటర్లు లేక కాదు ఈ గీతల గోల. సారుకు పాత పద్ధతంటే ప్రాణం. వెనకట రైలు వంతెనలూ గోదాముల కప్పులూ ఇలా గీసే లెక్కగట్టేవాళ్ళట. కప్పు మీద పడే బరువుకో గీత, గాలి తోపుకో గీత, గోడలు మోసే బలానికో గీత, ఒకదాని కొసన ఇంకొకటి. ఆఖరి గీత వచ్చి మొదలుపెట్టిన చుక్కను తాకితే కప్పు నిలుస్తుంది. తాకలేదా, ఎక్కడో తప్పున్నట్టే. “కంప్యూటర్ బుకాయిస్తది గాని గీత అబద్ధమాడది” అని రోజుకోసారైనా అనకపోతే ఆయనకు తోచదు.

మధ్యాహ్నం శ్రద్ధ సారు గదికి వెళ్ళింది. ఇదే లెక్కకు సారు స్వయంగా గీసిన షీట్ గోడకు పిన్నులతో గుచ్చి ఉంది. దాన్ని చూసే అందరికీ మార్కులు వేశాడాయన.

“సార్, నాకు సున్నా వెయ్యుండ్రి.”

“పాగల్ అయినవా?”

“నాది గూడ కలవలే సార్. మూడు మిల్లీమీటర్లే తక్కువచ్చింది. రబ్బరుతోని తుడిచి ఆఖరి గీతను జరిపిన. తుషార్‌ను అందరి ముంగట గట్ల అంటుంటె నోరు మూసుకొని కూసున్న. పొద్దటి సంది ముద్ద దిగుతలేదు.” శ్రద్ధ ఏడ్చేసింది.

సారు ఆమె షీట్‌ను కిటికీ వెలుగుకు ఎత్తాడు. ఆఖరి మూల దగ్గర కాగితం పలచబడిపోయి, అందులోంచి ఎండ కనిపిస్తోంది. బల్ల మీది షీట్ల కట్టలోంచి ఇంకొకటి తీసి ఎత్తాడు. ఇంకొకటి. ఇంకొకటి. ఏది చూసినా అదే మూలన అదే మచ్చ.

ప్రశ్నపత్రం లాక్కుని చూసేసరికి ఆయన మొహం మాడిపోయింది.

“పోయినేడు పేపరే ఇచ్చిన. గాలి ఒక్కటి పెంచి, గోడల బలం పాతదే ఉంచిన. ఇది ఎవ్వలకు గూడ కలవద్దు! తుషార్ గీసిందే కరెక్టు.”

“అయ్యో!” అంది శ్రద్ధ.

తన తప్పును పక్కకు నెట్టి, సారు పిల్లల మీద విరుచుకుపడ్డాడు. “అందరు దొంగలే! కలవనిదాన్ని కలిపిండ్రు. రేపు నిజం కప్పులు గిట్లనే కడ్తరు! కాగితం తియ్యి, పేర్లు రాయి. ఒక్కొక్కల్ని నిలబెట్టి సున్నా వేస్త.”

శ్రద్ధ తన పేరే మొదట రాసుకుంది. కట్ట చూసుకుంటూ మిగతావీ రాసింది.

“అయింది సార్. తుషార్‌ను తీసేస్తె యాభై తొమ్మిది మంది.”

తలెత్తి చూస్తే సారు గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక్కో పిన్ను పీకి, తన షీట్‌ను తీసి, కిటికీ వెలుగుకు పట్టుకున్నాడు. ఎంతసేపటికీ దించలేదు.

“సంతకం పెడ్తరా సార్?”

“ఆగు బిడ్డా, ఇంకొకటుంది,” అన్నాడు, ఆమె వైపు తిరగకుండానే. “అరవై... రామకిషన్ అని రాయి.”